గవ్వకో డ్రమ్ము

మా నేలపూడి పురపాలక సంఘం ఏ పని తలపెట్టినా పెద్ద ఎత్తునే తలపెడుతుంది. చిన్న పనులు దాని హోదాకు తగవు. ఈ సంగతి తెలియక కుమ్మరి వీధి దర్జీ సత్యవేణి ఒక పగిలిన నీళ్ళ డ్రమ్ము కోసం ఆ ఆఫీసు గడప తొక్కింది. తరవాత జరిగిందంతా ఆ పొరపాటు వల్లే జరిగిందని మున్సిపాలిటీ వారి అభిప్రాయం. నాకూ కొంతవరకు అదే అభిప్రాయం. ఎందుకంటే ఆ మొదటి అర్జీ టైపు చేసింది నేనే.

నాది మున్సిపల్ ఆఫీసుకు ఎదురుగా జిరాక్స్ కొట్టు. అర్జీలు టైపు చేస్తాను, నకళ్ళు తీస్తాను. ఏ ఆఫీసరు సీట్లో ఉన్నాడో, ఏ ఆఫీసరు టీకి వెళ్ళి మర్నాడు వస్తాడో మాత్రం ఊరికే చెబుతాను. ప్రజాసేవ అని నేను చేసేది అంతే. అసలైన సేవ సత్యవేణిది. కుట్టుమిషను చప్పుడు ఆగితే చాలు, కుమ్మరి వీధిలో కుక్కలన్నీ తలలెత్తుతాయి. మిషను ఆగిందంటే అన్నం గిన్నె బయటికొస్తుందని వాటికి తెలుసు. ఆవిడకు తోడు దానియేలు మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు నేర్పి రిటైరయ్యారు, మెళ్ళో విజిలు మాత్రం రిటైరవలేదు. కుక్కలకు సూది వేయించాలన్నా, కాలికి కట్టు కట్టించాలన్నా పట్టుకునేది ఆయనే. వీళ్ళిద్దరూ కలిసి 'వీధి నేస్తాలు' అని పేరు పెట్టుకున్నారు. కాస్త తీరికున్న రోజున నేనూ ఒక నేస్తాన్నే.

ఆ వీధి మలుపులో ఉండే ఆడకుక్క పేరు గవ్వ. గోధుమ రంగు ఒళ్ళు, వీపు మీద తెల్లటి చారలు. కిందటేడు వానల్లో అది తూము కింద ఈనింది. తెల్లారేసరికి తూము నిండా నీళ్ళు. సత్యవేణి మోకాలి లోతు బురదలో దిగి చేతులతో వెతికింది. ఒక్క పిల్లా దొరకలేదు. గవ్వ చాలా రోజులు ఆ తూము దగ్గరే పడుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండేది. చూడలేక నేను కొన్నాళ్ళు వేరే వీధిలోంచి ఇంటికెళ్ళాను.

అందుకని ఈ ఏడు ఎండలుండగానే సత్యవేణి తన డాబా మీది నీలం డ్రమ్మును, మూతి దగ్గర చీలిపోయినదాన్ని, కిందికి దింపించింది. మలుపులో గోడవారగా నాలుగు ఇటుకలు పేర్చి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, లోపల గోనెపట్టా పరిచింది. గవ్వ వాసన చూసింది, చుట్టూ తిరిగింది, లోపలికి వెళ్ళి ముడుచుకుని పడుకుంది. ఇంతటితో ఈ కథ సుఖంగా ముగిసిపోవలసింది. కానీ మర్నాడు శానిటరీ బండి వచ్చి డ్రమ్మును ఎత్తుకుపోయింది.

"ఏంటండీ, నా డ్రమ్ము తీసుకుపోతున్నారేంటి?" అని సత్యవేణి మిషను మీంచి లేచి వచ్చింది.

"పబ్లిక్ స్థలంలో పర్మిషన్ లేని కట్టడం అండీ. పైనుంచి ఆర్డరు," అన్నాడు డ్రైవరు.

"అది కట్టడమేంటి బాబూ, డ్రమ్మూ."

"లోపల ఒకళ్ళు కాపురం ఉంటే కట్టడమేనండీ," అన్నాడతను. నిజానికి అతని మీద నాకేం కోపం లేదు. నిర్వచనం చక్కగానే ఉంది.

అలా అర్జీ పుట్టింది. కుమ్మరి వీధి మలుపులో గవ్వ అను వీధి కుక్క వానకు తడవకుండా ఉండుటకు ఒక డ్రమ్ము ఉంచుకొనుటకు అనుమతి ఇప్పించగలరని. సత్యవేణి సంతకం పెట్టింది, మాస్టారు సాక్షి సంతకం పెట్టారు, ముగ్గురం కలిసి కమిషనర్ భుజంగరావు గారి గదిలోకి వెళ్ళాం.

ఆ సమయానికి కమిషనర్ గారు మంచి ఉత్సాహంలో ఉన్నారు. ఊళ్ళలో వీధి కుక్కలను ఆదరించే మున్సిపాలిటీకి 'శునక మిత్ర పట్టణం' అనే బిరుదు ఇస్తామని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. పోటీకి ఏం చూపించాలా అని ఆయన తల పట్టుకుని ఉండగా మేం వెళ్ళాం. ఆయన అర్జీ చదివి, కళ్ళజోడు తీసి, మమ్మల్ని జాలిగా చూశారు.

"డ్రమ్మా? ఏమ్మా, మన పట్టణ గౌరవానికి డ్రమ్మేమిటి? రేపు తనిఖీ బృందం వస్తుంది. నేలపూడిలో శునకాలకు ఏమిచ్చారని అడుగుతుంది. డ్రమ్మిచ్చామని చెప్పమంటారా?"

"అదే ఇప్పించండి సార్. మాది మాకు తిరిగి ఇచ్చేస్తే చాలు," అంది సత్యవేణి.

"ఇప్పించం. ఇంతకంటే శాశ్వత ప్రాతిపదికన ఆలోచిస్తాం. ముకుందం గారిని పిలవండి."

ముకుందం గారు మున్సిపల్ ఇంజనీరు. ఆయన వచ్చి నిలబడగానే కమిషనర్ గారు, "శునక సదనం. పక్కా భవనం. వానలు మొదలయ్యేలోగా పూర్తి కావలసి ఉంటుంది," అని ప్రకటించారు. ముకుందం గారు, "తగు చర్యలు చేపట్టడం జరుగుతుంది సార్," అన్నారు. సత్యవేణి నాకేసి చూసింది. మనం డ్రమ్ము అడిగామా, మేడ అడిగామా అన్నట్టు. అర్జీ మరోసారి చదువుకున్నాను. డ్రమ్మనే ఉంది.

బయటికొచ్చాక మాస్టారు, "పోన్లే అమ్మా, వానలకి ముందే అంటున్నాడు కదా. గవ్వకి పక్కా ఇల్లు," అన్నారు. సత్యవేణి, "ఈలోపు వానొస్తేనో?" అంది. ఆ ప్రశ్న అర్జీలో లేదు కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేదు.

భవనం లేచేలోగా చూపించడానికి మరొకటి కావాలని కమిషనర్ గారు స్వయంగా ఒక నిబంధన రాశారు. దానికి 'మాతృ ప్రశాంతి నిబంధన' అని పేరు. పురపాలక సంఘం పరిధిలో ఏ శునక మాత ఎక్కడ ప్రసవించినా, పిల్లల కూత వినిపించే మేర ప్రశాంత మండలంగా పరిగణించబడును. పిల్లలు తమంతట తాము అన్నం తినే వరకు గానీ, తల్లి తన ఇష్టపూర్వకంగా స్థలం మార్చే వరకు గానీ, నమోదైన స్వచ్ఛంద సేవకులు తప్ప ఇతరులు ఆ మండలంలో ఉండరాదు. ఇది ఇంకే ఊళ్ళోనూ లేదని ఆయన చెప్పుకున్నారు. నిజమే, ఇంకే ఊళ్ళోనూ లేదు. ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటించారు. నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీలో ఒక పక్క కుక్కపిల్ల, ఒక పక్క కమిషనర్ గారు. ఇద్దరూ చేతులు జోడించినట్టే ఉంటారు.

నిబంధన మొదటి దెబ్బ అప్పలకొండ సెలూన్ మీద పడింది. ఒక కుక్క ఆ సెలూన్ బల్ల కింద ఈనింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, కూత ఎంతవరకు వినిపిస్తుందో అడుగులో అడుగు వేసుకుంటూ చూసుకుని, వినిపించడం ఆగిన చోట సున్నంతో గీత గీశాడు. లోపల కుర్చీలో ఒక పెద్దమనిషి ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నురగతో ఉన్నాడు. ఆయన్ని అలాగే బయటికి నడిపించారు. అప్పలకొండ అద్దం, కుర్చీ కానుగ చెట్టు కిందికి తెచ్చుకుని అక్కడే పని మొదలుపెట్టాడు.

"రూలు కదండీ, కుక్కలకేగా మేలు," అన్నాడు నాతో. "ఏదో ఒకనాడు అందరికీ వర్తిస్తది లెండి." అతను మామూలుగానే అన్నాడు. శాపం పెట్టే మనిషి కాదు.

ఇంతలో శునక సదనం ప్లాను మొదలైంది. మన దగ్గర ఏ పథకానికైనా లబ్ధిదారు స్వయంగా హాజరు కావాలి. మనిషి ఉన్నాడని రుజువు కావాలంటే మనిషి రావాలి. కుక్క విషయంలో వేరే పద్ధతి లేదు కాబట్టి గవ్వను కూడా ప్రతి సోమవారం ఆఫీసుకు తీసుకురమ్మన్నారు.

"కుక్క ఎక్కడికి పోతుందండీ, మలుపులోనే ఉంటది, వచ్చి చూసుకోండి," అంది సత్యవేణి.

"మేము రావడం పద్ధతి కాదమ్మా. లబ్ధిదారు రావడమే పద్ధతి," అన్నాడు సెక్షన్ గుమస్తా.

సోమవారం సోమవారం సత్యవేణి మిషను కట్టేసి గవ్వను వెంటపెట్టుకుని వచ్చేది. మొదటి వారం మెట్ల దగ్గరే వణికిపోయిన కుక్క, నాలుగైదు సోమవారాలు గడిచేసరికి మా అందరికంటే బాగా ఆఫీసు ఎరిగింది. గుమస్తా సీట్లో లేకపోతే ఎక్కడ ఎదురుచూడాలో దానికి తెలుసు. అటెండర్ పైడమ్మ దానికి బిస్కట్లు పెట్టి రికార్డు రూములో కూర్చోబెట్టేది. ఆ గది చీకటిగా, పొడిగా ఉంటుంది. పాత ఫైళ్ళ కట్టలు మెత్తగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఏళ్ళ తరబడి వాటిని ఎవరూ కదపలేదు. గవ్వ వాటి మీద ఒళ్ళు విరుచుకుని, గుమస్తా టీ తాగి వచ్చేదాకా నిద్రపోయేది. తనకు తెలియకుండానే మా మున్సిపాలిటీ దానికి ఒక మంచి చోటు చూపించిందన్న సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ప్లాను కొలతల కోసం ముకుందం గారు టేపు పట్టుకుని గవ్వ ఎత్తు, పొడుగు కొలిచారు. తలుపు ఎత్తు ఎంతుండాలన్న దాని మీద సమావేశం జరిగింది. సత్యవేణితో పాటు నన్ను కూడా పిలిచారు, స్వచ్ఛంద సేవకుల వైపు నుంచి.

"తలుపు లబ్ధిదారు ఎత్తుకు నాలుగు వేళ్ళు పైన ఉంటుంది. పైకప్పు కూడా మనిషి నిలబడలేనంత ఎత్తులోనే," అన్నారు ముకుందం గారు.

"మరి లోపల ఊడ్చేదెట్టాగండీ? అన్నం పెట్టేదెట్టాగ?" అంది సత్యవేణి.

కమిషనర్ గారు నవ్వారు. "ఇక్కడే మా దూరదృష్టి ఉందమ్మా. ఈ పట్టణంలో మేం ప్రయాణికులకని షెల్టరు కడితే చీట్లాటవాళ్ళు ఆక్రమించారు. చీట్లాట మాన్పించడానికి లైబ్రరీ కడితే పెళ్ళి భోజనాల వాళ్ళు ఆక్రమించారు. ఎవరి కోసం కట్టింది వాళ్ళకి దక్కడం లేదు. అందుకే మనిషన్నవాడు నిటారుగా దూరలేని తలుపు పెడుతున్నాం. మానవ ఆక్రమణలకు శాశ్వత పరిష్కారం."

అందరూ బల్లలు చరిచారు. నేను కూడా చరిచాను. తర్కంలో తప్పేమీ నాకు కనిపించలేదు.

భవనం చెప్పినట్టే వానలకు ముందే లేచింది. ఈ మాట నేను గర్వంగా చెబుతున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఇంతకు ముందు అలా జరగలేదు. కొత్త మార్కెట్ వెనక పొడుగాటి హాలు. గులాబీ రంగు గోడలు, మోకాలెత్తు తలుపు, నేల మీద టైల్సు. పైన 'శునక సదనం' అని పెద్ద అక్షరాలు. గోడకు పంపు కూడా పెట్టారు. అంతా బాగుంది. ఒక్క ప్రారంభోత్సవం మిగిలింది.

ప్రారంభించడానికి ఒక పెద్దాయన రావాలి. ఆయనకు ఖాళీ లేదు. మొదటి తేదీన ఆయన ఒక వంతెన ప్రారంభించడానికి వెళ్ళారు. రెండో తేదీన ఒక నడక పోటీ. మూడో తేదీ అమావాస్య పడింది. రిబ్బను కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, ముడి దగ్గర నల్లగా మాసిపోయింది. ఈలోపు భవనం పాడవకుండా నూకరాజు అనే కాపలాదారును పెట్టారు. అతనికిచ్చిన ఆదేశం ఒక్కటే. లోపలికి కుక్కలు రాకూడదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మళ్ళీ చూలుతో ఉన్న గవ్వకు పొట్ట కిందికి దిగింది.

సత్యవేణి రోజూ గవ్వను వెంటపెట్టుకుని సదనం దగ్గరకు వెళ్ళేది. నూకరాజు కర్ర పట్టుకుని ఎదురొచ్చేవాడు. మంచివాడే, ఆ కర్రతో ఏ కుక్కనీ కొట్టగా నేను చూడలేదు.

"అమ్మా, దీన్ని ఇక్కడికి తీసుకురాకండమ్మా. నా ఉజ్జోగం పోద్ది."

"ఇది దీని కోసం కట్టిందే కదా నూకరాజూ."

"ఆయ్, దీని కోసం కట్టిందేనండి. కట్టింది గాబట్టి పాడుచెయ్యకూడదు కదండీ. మారాజు రిబ్బను కోశాక రోజంతా పడుకోమనండి, నేనే పక్కేస్తాను."

ఒకరోజు మేం మళ్ళీ కమిషనర్ గారి గదికి వెళ్ళాం. సత్యవేణి ఈసారి అర్జీ ఇవ్వలేదు, నోటితోనే చెప్పింది. "సార్, అది రేపో మాపో ఈనుతాది. ఆకాశం చూడండి. కిందటేడు అన్నీ కొట్టుకుపోయాయండి. దాని మొహం నేను మళ్ళీ అలా చూడలేను. తలుపు తీయించండి సార్. లేకపోతే నా డ్రమ్ము నాకిచ్చేయండి." గుమస్తా కూడా రాయడం ఆపాడు.

కమిషనర్ గారు రాతిమనిషి కాదు. ఆయనకూ ఇబ్బందిగానే ఉంది. "అమ్మా, మీ ఆవేదన మా దృష్టికి వచ్చింది. కానీ ప్రారంభం కాని భవనంలో లబ్ధిదారు ప్రవేశిస్తే దాన్ని ఆక్రమణ అంటారు. లబ్ధిదారు మీద మేమే చర్య తీసుకోవలసి వస్తుంది. అది మీకూ ఇష్టం ఉండదు. డ్రమ్మంటారా, సదనం మంజూరైన లబ్ధిదారుకు వేరే వసతి ఇస్తే రెండు ఇళ్ళు ఇచ్చినట్టు అవుతుంది. అనర్హత."

"మరి ఎక్కడ ఈనమంటారండీ?"

"వేచి ఉండమని చెప్పండి," అన్నారు ఆయన మెత్తగా. నిజంగా ఆయన ఉద్దేశం మంచిదే.

గవ్వ వేచి ఉండలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం కూడా వేచి ఉండలేదు. శనివారం మధ్యాహ్నం మొదలైన వాన ఆదివారమంతా కురిసింది. కుమ్మరి వీధి మలుపులో గవ్వ లేదు. సత్యవేణి గొడుగు కూడా లేకుండా తూము దగ్గరకు పరుగెత్తింది. నేనూ, మాస్టారూ వెనకే వెళ్ళాం. తూము నిండా ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. మాస్టారు విజిలు ఊదారు. ఆ విజిలుకు ఎంత దూరంలో ఉన్నా వచ్చే కుక్క రాలేదు. సత్యవేణి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి తడుముతోంది. "మళ్ళీ అంతేనా మాస్టారూ," అంది. మాస్టారు మళ్ళీ విజిలు ఊదారు. మేం చీకటి పడేవరకు వీధులన్నీ తిరిగి, తడిసిన బట్టలతో ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మర్నాడు సోమవారం.

నేను కొట్టు తలుపు తీస్తున్నాను. ఎదురుగా ఆఫీసులోంచి పైడమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. "సత్యవేణమ్మని పిలండి బాబూ. వాళ్ళ గవ్వ వచ్చేసింది. సోమారం కదా, ముందుగానే వచ్చింది. ఒక్కత్తే రాలేదు."

రికార్డు రూము వెనక కిటికీకి చువ్వ ఊడి చాలా కాలమైంది. గవ్వ అందులోంచి దూరింది. దానికి తెలిసిన పొడి చోటు ఊరి మొత్తానికి అదొక్కటే. ఆ చోటు చూపించింది మున్సిపాలిటీ. ఫైళ్ళ కట్టల మధ్య గుంట చేసుకుని పడుకుంది. పొట్ట కింద ఐదు పిల్లలు, కళ్ళు తెరవకుండా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పాలు తాగుతున్నాయి. సత్యవేణి గడప దగ్గర కూలబడి ఏడ్చింది. గవ్వ తోక రెండుసార్లు ఊపి, తల వాల్చి నిద్రపోయింది. నేను కళ్ళు తుడుచుకున్నాను, దుమ్ము గది కదా.

ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ తొంగి చూసి, మురిసిపోయి, సీట్లలో కూర్చున్నారు. అప్పుడు ద్వారం దగ్గర సెలూన్ అప్పలకొండ వచ్చి నిలబడ్డాడు. వెనకాల ఆనాడు సగం గడ్డంతో బయటికొచ్చిన పెద్దమనిషి కూడా ఉన్నాడు.

"సార్, మరి సున్నం తెప్పించారాండీ?" అన్నాడు అప్పలకొండ, చాలా మర్యాదగా.

ఆఫీసు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో పిల్లల కూత చక్కగా వినిపించింది. మాది పాతకాలపు కట్టడం. ఒక గదిలో దగ్గితే ఇంకో గదిలో సమాధానం చెబుతారు.

కమిషనర్ గారు తన గదిలోంచి, "నాకేమీ వినిపించడం లేదు," అన్నారు. వెంటనే పిల్లలన్నీ కలిసి కుయ్యిమన్నాయి. బహుశా తల్లి అటు నుంచి ఇటు తిరిగి ఉంటుంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని కమిషనర్ గారి బల్ల దాకా నడిచాడు. విధి నిర్వహణలో అతను మొహమాటపడే మనిషి కాదు. "వినిపిస్తోంది సార్," అన్నాడు. గది దాటి, వరండా దాటి, గేటు బయట గీత గీశాడు.

నిబంధన రద్దు చేయవచ్చు కదా అని గుమస్తా నెమ్మదిగా అన్నాడు. కానీ తనిఖీ బృందానికి ఆ నిబంధననే గొప్పగా రాసి పంపారు. కూడలిలో ఫ్లెక్సీ ఇంకా ఉంది. పైగా ఎదురుగా అప్పలకొండ ఉన్నాడు. కమిషనర్ గారు కాసేపు కళ్ళు మూసుకుని, "కార్యాలయాన్ని తాత్కాలికంగా తరలించడం జరుగుతుంది," అన్నారు. ఆయన్ను మెచ్చుకోవాలి. చాలామంది పెద్దవాళ్ళు తాము రాసింది తమకు వర్తించదంటారు. ఆయన ఆ మాట అనలేదు.

ఎక్కడికి తరలించాలి? టౌన్ హాలు కోర్టు కేసులో ఉంది. కల్యాణ మండపానికి పెళ్ళిళ్ళ బుకింగులున్నాయి. షెల్టరులో చీట్లాట. ఊళ్ళో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం ఒక్కటే ఉంది. ఇంజనీరు ముకుందం గారు ఆ పేరు చెప్పడానికి మొహమాటపడి పైకప్పుకేసి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి కమిషనర్ గారే ఆ పేరు చెప్పారు.

ఆ మధ్యాహ్నం మా పురపాలక సంఘం శునక సదనంలోకి ప్రవేశించింది. నూకరాజు కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు. "కుక్కలు రాకూడదన్నారు గానీ మీరు రాకూడదనలేదు కదండీ," అని తనలో తనే అనుకుని పక్కకు తప్పుకున్నాడు. రిబ్బను కోయడానికి అధికారం లేదు కాబట్టి దాని కిందినుంచే వెళ్ళారు. ఎలాగూ నేల మీద పాకుతూ వెళ్ళాలి కాబట్టి రిబ్బను అడ్డం రాలేదు. మొదట కమిషనర్ గారు, తరవాత హోదా వరసలో అందరూ. మానవ ఆక్రమణలకు శాశ్వత పరిష్కారమైన ఆ తలుపు గుండా మొత్తం మున్సిపాలిటీ లోపలికి దూరింది.

పైకప్పు కింద కుర్చీలో కూర్చోవచ్చు, లేవకూడదు. లేస్తే తల తగులుతుంది. దీనివల్ల చాలా మంచి జరిగింది. సీట్లో కూర్చున్న గుమస్తాలు టీకి వెళ్ళడం మానేశారు, పాకుతూ వెళ్ళే ఓపిక లేక. మా ఊళ్ళో మొదటిసారి ఎవరు ఎప్పుడొచ్చినా అందరూ సీట్లోనే ఉన్నారు. కమిషనర్ గారు వస్తే లేచి నిలబడే వీలు లేదు. ఆయన కూడా మోకాళ్ళ మీదే వస్తున్నారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. అర్జీ ఇచ్చేవాళ్ళు పాకుతూ వెళ్ళి, పాకుతూ వచ్చేవాళ్ళు. "ఇన్నాళ్ళూ మనమే వంగేవాళ్ళం, ఇప్పుడు వాళ్ళూ వంగుతున్నారు, సుఖంగా ఉంది," అన్నాడొక రైతు నాతో. నేను కూడా నా బల్ల అక్కడికి మార్చుకున్నాను. బయటే. నాకు నడుం నొప్పి.

పాత ఆఫీసులోకి ప్రవేశం నమోదైన స్వచ్ఛంద సేవకులకు, అంటే మా వీధి నేస్తాలకు మాత్రమే. సత్యవేణి రోజూ అన్నం గిన్నె పట్టుకుని గీత దాటి లోపలికి వెళ్ళేది. ఖాళీ కుర్చీల మధ్య, ఫ్యాను కింద, గవ్వకు అన్నం పెట్టి, పిల్లలను ఒళ్ళో వేసుకుని కూర్చునేది. మాస్టారు కమిషనర్ గారి గది కిటికీ దగ్గర పేపరు చదువుకునేవారు. ఆఫీసు అంత ప్రశాంతంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

తనిఖీ బృందం వచ్చింది. శునక సదనంలో శునకాలు ఎక్కడని అడిగింది. కార్యాలయంలో ఉన్నాయని చెప్పారు. కార్యాలయం ఎక్కడని అడిగింది. ఇదేనని చెప్పారు. బృందం నాయకుడు చాలాసేపు ఏదో రాసుకుని, కమిషనర్ గారి చొక్కా మోచేతుల దగ్గర అరిగిపోవడం చూసి, "ఇంత అంకితభావం మేమెక్కడా చూడలేదు," అని వెళ్ళిపోయాడు. బిరుదు వచ్చింది. ఫ్లెక్సీ కొత్తది కట్టారు.

బిరుదు వచ్చినా నడుం నొప్పి పోలేదు. ఒక సాయంత్రం కమిషనర్ గారు సున్నం గీత దగ్గరకు వచ్చి నిలబడ్డారు. గీత దాటలేదు. అవతల సత్యవేణి గిన్నె కడుగుతోంది.

"అమ్మా," అన్నారు, "అవి అన్నం తినడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది?"

"పరిశీలిస్తున్నామండి," అంది సత్యవేణి. వెటకారం లేకుండానే అంది. ఆవిడకు ఆ ఆఫీసులో అలవాటైన మాట అదే.

"తల్లి ఇష్టపూర్వకంగా స్థలం మారిస్తే కూడా సరిపోతుందని నిబంధనలో ఉంది. నేనే రాశాను. అది ఇష్టపడి మారాలంటే ఏం కావాలి? ఏదైనా ఫరవాలేదు, చెప్పండి. మంజూరు చేస్తాను."

సత్యవేణి గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, "డ్రమ్మండి," అంది.

డ్రమ్ము ఎక్కడుందో వెతకడానికి పెద్ద కష్టం కాలేదు. సదనం కట్టేటప్పుడు సిమెంటు తడపడానికి నీళ్ళు పట్టుకుంది అందులోనే. భవనం వెనకే పడి ఉంది. ఒక చివర సత్యవేణి, ఇంకో చివర కమిషనర్ గారు పట్టుకుని కుమ్మరి వీధి మలుపుకు మోసుకొచ్చారు. ఇంజనీరు ముకుందం గారు ఇటుకలు పేర్చారు. అవి కాస్త వంకరగా ఉంటే మాస్టారు సర్దారు. గోనెపట్టా పరిచారు. గవ్వ వచ్చింది, వాసన చూసింది, చుట్టూ తిరిగింది. వెనక్కి వెళ్ళి ఒక పిల్లను మెడ దగ్గర కరుచుకుని తెచ్చి లోపల పెట్టింది. మళ్ళీ వెళ్ళింది. రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. ఆఖరి పిల్ల వచ్చేదాకా కమిషనర్ గారు గొంతు కూడా సవరించుకోలేదు.

ఆఫీసు పాత చోటికి వచ్చేసింది. అప్పలకొండ సెలూన్ తలుపులు అంతకు ముందే తెరుచుకున్నాయి. శునక సదనం ఇంకా పెద్దాయన కోసం ఎదురుచూస్తోంది. నూకరాజు కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఆఫీసువాళ్ళకు మాత్రం ఒక అలవాటు మిగిలిపోయింది. ఏ గుమ్మం కనిపించినా తల వంచి లోపలికి వెళుతున్నారు. ఎదురొచ్చే జనం తమకు నమస్కారం పెడుతున్నారనుకుని తిరిగి నమస్కారం పెడుతున్నారు. దీనివల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

మొన్న మళ్ళీ వాన పట్టింది. సత్యవేణి పిలిస్తే నేను గొడుగు వేసుకుని మలుపుకు వెళ్ళాను. అప్పటికే అక్కడ కమిషనర్ గారు ఉన్నారు. ప్యాంటు తడుస్తున్నా చూసుకోకుండా, ఎవరూ చెప్పకుండానే వంగి, డ్రమ్ములోకి చెయ్యి పెట్టి గోనెపట్టా తడిమి చూస్తున్నారు. పిల్లొకటి ఆయన వేలు నాకింది.

"పొడిగానే ఉంది," అన్నారు ఆయన, ఎవరికో నివేదిక ఇస్తున్నట్టు. తరవాత అలవాటు కొద్దీ, "దీనికి ప్రారంభోత్సవం?" అన్నారు.

"అయిపోయిందండి," అంది సత్యవేణి. "గవ్వ వచ్చి పడుకుంది కదండీ."